పెసరగింజంత సీలెంట్

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా కారులోంచి మాడిన నూనె వాసన వచ్చేది. బానెట్ ఎత్తి చూస్తే ట్యాపెట్ కవర్ అంచు వెంట నూనె కారి, వేడి మేనిఫోల్డ్ మీద పడి పొగవుతోంది. ఆర్నెల్ల కిందే ఒకచోట ప్యాకింగ్ మార్పించాను. ఈసారి అమీర్‌పేట సందులో మాకు తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. కవర్ విప్పితే కొత్త రబ్బరు ప్యాకింగ్ పొడుగునా సీలెంట్ పూసి ఉంది. ఒక పక్క ప్యాకింగ్ గాడి తప్పి బయటికి ఉబికింది.

“ఇంత పూస్తే ఆగుతదా సార్? జారుతది” అన్నాడు ఉస్తాద్.

ఇంటర్ చదివే మా అబ్బాయి పక్కనే ఉన్నాడు. “అంటించడానికే కదా నాన్నా సీలెంట్? మరి ఎట్లా జారింది?”

మంచి ప్రశ్న. దానికి జవాబు అంబాసిడర్ కాలం నుంచి మొదలుపెట్టాలి. ఆ ఇంజన్ మీద రేకు కవర్ రెండే నట్లతో బిగిసి ఉండేది. కింద ప్యాకింగ్ కార్కుది. 1665లో రాబర్ట్ హుక్ మైక్రోస్కోప్‌లో కార్కు ముక్కను చూసి, అందులోని చిన్న చిన్న గదులకే ‘సెల్’ అని పేరు పెట్టాడు. ఆ గదుల నిండా గాలే. నొక్కితే గోడలు హార్మోనియం తిత్తిలా మడతపడతాయి. కార్కు పలచబడుతుంది కానీ పక్కలకు దాదాపు ఉబ్బదు. బిరడాగా సీసా మూతిలోకి సులువుగా దిగేది అందుకే.

రబ్బరు తీరు దీనికి పూర్తిగా వేరు. ఎంత నొక్కినా దాని ఘనపరిమాణం దాదాపు తగ్గదు. పైనుంచి నొక్కితే పక్కలకు పోతుంది. పలచబడటానికీ పక్కలకు ఉబ్బటానికీ ఉన్న లెక్కను పాయిజాన్ నిష్పత్తి అంటారు. కార్కుకు అది సున్నాకు దగ్గర, రబ్బరుకు 0.5కు దగ్గర. అందుకే రబ్బరు ప్యాకింగ్‌కు గాడి కావాలి. గాడి గోడలు ఉబ్బనివ్వకపోతే రబ్బరు తిరిగి లోహాన్ని నెడుతుంది. నూనెను ఆపేది ఆ నెట్టుడే. అక్కడ అంటుకోవటం అనేదే లేదు. ఏళ్ల తరబడి వేడికి ఉడికి రబ్బరు గట్టిపడితే వెనక్కి నెట్టే గుణం పోతుంది, ప్యాకింగ్ మార్చాల్సి వస్తుంది.

సీలెంట్ ఆరాక జిగురే. కానీ బోల్టులు బిగించేది అది ఆరకముందు కదా! అప్పుడది సబ్బు నురగలాంటిది. లోహానికీ రబ్బరుకూ మధ్య రాపిడి పోతుంది, బోల్టు బిగిసేకొద్దీ ప్యాకింగ్ గాడిలోంచి జారుకుంటుంది. మా కారులో జరిగింది అదే. ఈ మాట వినగానే మా వాడి ముఖం వెలిగింది, నాకూ ఎంతో తృప్తిగా అనిపించింది.

మరి సీలెంట్ అసలే వద్దా? కావాలి, కానీ మూలల్లో. సిలిండర్ హెడ్, టైమింగ్ కవర్, ట్యాపెట్ కవర్ మూడూ కలిసే చోట, క్యామ్‌షాఫ్ట్ చివర అర్ధచంద్రపు వంపు చదునును తాకే చోట మూల పదునుగా ఉంటుంది. తాడులాంటి రబ్బరు ఆ మూల మొదట్లోకి చొరబడలేదు. సూది పట్టేంత సందు మిగులుతుంది. ఆ సందులోకి పారగలిగేది మెత్తటి ముద్ద ఒక్కటే. ఉస్తాద్ గాళ్లన్నీ గుడ్డతో తుడిచి, ఒక్కో మూలకు పెసరగింజంత పెట్టి, మధ్యనుంచి బయటికి బోల్టులు బిగించుకుంటూ వచ్చాడు.

ఆ ముద్ద సిలికాన్. నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ దశాబ్దాల పాటు సిలికాన్ సమ్మేళనాలతో పనిచేసి, గిన్నెల్లో మిగిలే జిగట పదార్థాన్ని పీడగానే చూశాడు. దాన్నే అమెరికాలో కార్నింగ్, జనరల్ ఎలక్ట్రిక్ పోటీపడి సరుకుగా మార్చాయి. 1969లో చంద్రుడి మీద అడుగుపెట్టిన బూట్ల అడుగుభాగం కూడా సిలికాన్ రబ్బరే.

ట్యూబులో మెత్తగా ఉన్నది గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది. కొన్ని రకాలు అప్పుడు సిర్కా వాసన కొడతాయి. అది ఎసిటిక్ ఆమ్లం, లోహాన్ని తింటుంది. ఇంజన్లకు ఆ రకం వాడకపోవటమే మంచిది. తేమతో ఆరేది కాబట్టి మన మే నెల పొడిగాలిలో ఆలస్యంగా, వానాకాలంలో త్వరగా ఆరుతుంది. ఎక్కువైన సీలెంట్ లోపలికి ఉబికి, తెగి నూనెలో పడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఇంజన్‌కు నూనె అందదు. కారే నూనె కంటే అది చాలా పెద్ద ప్రమాదం.

మీ బండికి ప్యాకింగ్ మార్చేటప్పుడు దగ్గరుండి చూడండి. సీలెంట్ మూలలకే పెట్టించండి. పైన పొర కట్టకముందే, నిమిషాల్లో కవర్ బిగించమనండి. ఆ రాత్రికి బండిని షెడ్డులోనే వదిలి రండి.