హార్డుడ్రైవు తెగులు – తగిన మందు

విలువగల దానిని పదిలపఱచుకొనుట మానవ స్వభావము. మన పూర్వులు కావ్యములను తాళపత్రములపై వ్రాసి, గుడ్డలలో చుట్టి, అటకలపై దాచిరి. తాళ్ళపాక కవుల సంకీర్తనములను రాగిఱేకులపై చెక్కించి తిరుమల ఆలయములో భద్రపఱచిరి. రాగిఱేకునకు పురుగు పట్టదు, తాటియాకునకు పట్టును. కావున తాళపత్ర గ్రంథములు గలవారు వానిని అప్పుడప్పుడు విప్పి చూచి, పురుగు చేరకుండ నూనె పూయవలసి వచ్చెడిది. దాచుట యొక పని; దాచినదానిని కాపాడుట మఱియొక పని.

నేటి కాలమున ఆ గ్రంథపు పెట్టెల స్థానమును హార్డుడ్రైవు ఆక్రమించినది. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి హార్డుడ్రైవులో 24 అంగుళముల వ్యాసముగల పళ్ళెములు 50 ఉండెడివి. అంతటి యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చొక్కా జేబులో ఇముడు ఒక టెరాబైటు బాహ్య హార్డుడ్రైవులో అందుకు 2 లక్షల రెట్ల సమాచారము నిలుచుచున్నది. పెండ్లి ఫొటోలు, పొలము పత్రముల నకళ్ళు, పాఠశాలలోని పదేండ్ల మార్కుల పట్టికలు అన్నియు ఆ చిన్న పెట్టెలోనే యుండును. దానిని యు.ఎస్.బి. తీగతో ఏ కంప్యూటరుకైనను తగిలింపవచ్చును. నేడు ఇంటిలోను, రేపు ఫొటో స్టూడియోలోను, ఎల్లుండి జిరాక్సు దుకాణములోను అది పనిచేయును. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఊరూర తిరుగు వానికి అంటువ్యాధి సోకు అవకాశమును ఎక్కువ.

కంప్యూటరుకు గాని, దాని యజమానికి గాని హాని చేయవలెనని వ్రాయబడిన ప్రోగ్రాములకు మాల్‌వేర్ అని పేరు. తన నకళ్ళను ఇతర ఫైళ్ళలో చొప్పించు వైరసు, తనంత తానుగా ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరుకు ప్రాకు వర్ము, మేలు చేయుదానివలె నటించు ట్రోజను, ఫైళ్ళకు తాళము వేసి డబ్బు కోరు రాన్సమ్‌వేర్ ఇందలి ముఖ్యమైన రకములు. వాడుకలో జనులు అన్నిటిని వైరసు అనియే పిలుచుచున్నారు.

చేతితో తీసికొనిపోవు సాధనములద్వారా ఈ తెగులు వ్యాపించుట కొత్త సంగతి కాదు. 1986లో లాహోరు నగరమునందలి ఇద్దరు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అను వైరసు ఫ్లాపీ పళ్ళెముల మీదుగా దేశదేశములకు ప్రాకెను. 2008లో బయలుదేరిన ‘కాన్ఫికర్’ వర్ము యు.ఎస్.బి. డ్రైవులను కూడ వాహనముగా చేసికొనెను. ఆ దినములలో విండోస్ కంప్యూటర్లయందు ‘ఆటోరన్’ అను ఏర్పాటుండెడిది. డ్రైవును తగిలించినంతనే అందలి ప్రోగ్రామును నడుపుటకు అది తోడ్పడెడిది. ఆ సౌకర్యమే దొంగకు తెఱచిన తలుపైనది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ పాత విండోస్ రకములకు సైతము సవరణ పంపి, యు.ఎస్.బి. డ్రైవుల విషయమున ఆ తలుపును మూసివేసెను.

అంతమాత్రమున ప్రమాదము తొలగిపోలేదు. 2010లో బయటపడిన ‘స్టక్స్‌నెట్’ ఇరాన్ దేశమునందు నతాంజ్‌లోని యురేనియము కేంద్రమును దెబ్బతీసెను. ఇంటర్‌నెట్‌తో సంబంధము లేని కంప్యూటర్లను సైతము అది యు.ఎస్.బి. డ్రైవులద్వారా చేరగలిగినది. డ్రైవులోని ఫైళ్ళ పట్టికను తెరపై చూచినంతనే మేల్కొను నేర్పు దానికుండెను. ఆ లోపమును కూడ మైక్రోసాఫ్ట్ అదే యేట సరిదిద్దినది. విండోస్‌కు వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరించినవారికే ఇట్టి రక్షణ లభించును.

తెగులు సోకినదని తెలిసిన పిదప తగిన మందును ఎన్నుకొనుట ఎట్లు? ఇచట రైతు అనుభవము మనకు దారి చూపును. అగ్గితెగులు సోకినను, దోమపోటు తగిలినను వరిపైరు ఎండి చెడిపోవును. కాని మొదటిది శిలీంధ్రమువలన కలుగునది. రెండవది పురుగువలన కలుగునది. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. తెగులెఱుగక మందు చల్లిన రైతునకు ఖర్చు దండుగ, పంటకు నష్టము. హార్డుడ్రైవు విషయమున సైతము ముందు లక్షణములను పరిశీలించి, ఆ తరువాతనే సాధనమును ఎన్నుకొనవలెను.

తఱచుగా కనిపించు తెగులు షార్ట్‌కట్ వైరసు. డ్రైవును తెఱచి చూడగా ఫోల్డర్లకు బదులు చిన్న బాణపు గుఱుతుగల షార్ట్‌కట్‌లు కనిపించును. తమ ఫైళ్ళన్నియు పోయినవని తలచి జనులు దిగులుపడుదురు; కొందఱు వెంటనే డ్రైవును ఫార్మాట్ చేసి, ఉన్నవానిని కూడ పోగొట్టుకొందురు. నిజమునకు ఫైళ్ళు సాధారణముగా డ్రైవులోనే యుండును. డ్రైవులో నిండియున్న స్థలమెంతయో చూచిన ఈ సంగతి తెలియును. వైరసు వానికి మఱుగు గుఱుతు తగిలించి, కంటికి కనబడకుండ చేసినది. షార్ట్‌కట్‌ను నొక్కినచో వైరసు నడచును; కావున దానిని తాకరాదు. ముందు యాంటీవైరసుతో ఆ ప్రోగ్రామును తొలగించి, తరువాత విండోస్‌లోనే యున్న ‘అట్రిబ్’ అను ఆదేశముతో మఱుగు గుఱుతులను తీసివేసిన ఫైళ్ళు మరల కనిపించును. ఇచట రెండు పనులకు రెండు సాధనములు కావలసి వచ్చినవి.

రెండవ రకమున వైరసు ప్రోగ్రాము ఫైళ్ళలోనికే చొరబడును. ఇందుకు ఫైలును శుద్ధిచేయగల యాంటీవైరసు కావలెను. శుద్ధి సాధ్యము కానప్పుడు ఆ ప్రోగ్రామును తొలగించి, దానిని తయారుచేసినవారినుండి కొత్త ప్రతిని తెచ్చుకొనుట మేలు. ప్రోగ్రాము పోయిన మరల దొరకును; మన ఫొటో పోయిన దొరకదు. ఈ భేదమును గుర్తుంచుకొన్నవాడు దేనిని వదలుకొనవచ్చునో, దేనిని కాపాడవలెనో ఎఱుగును.

మూడవది రాన్సమ్‌వేర్. యాంటీవైరసు దొంగను పట్టగలదు గాని, దొంగ వేసిన తాళమును తీయలేదు. తాళము తీయుటకు ఆ రకమునకే చెందిన విడుదల సాధనము వేఱుగా కావలెను. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, మఱి రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ‘నో మోర్ రాన్సమ్’ అను ప్రణాళికను ప్రారంభించి, ఇట్టి సాధనములను ఉచితముగా అందించుచున్నారు. అన్ని రకములకు తాళపుచెవులు ఇంకను దొరకలేదు. కావున తాళముపడిన ఫైళ్ళను చెఱిపివేయక, వేఱుగా దాచి యుంచుట వివేకము. నేడు లేని తాళపుచెవి రేపు దొరకవచ్చును.

ఇక సాధనముల సంగతి చూతము. వానిలో నాలుగు తరగతులు కలవు. మొదటిది నిత్యము కాపలా కాయు యాంటీవైరసు. విండోస్ 8 మొదలుకొని మైక్రోసాఫ్ట్ వారి డిఫెండర్ కంప్యూటరుతోపాటే వచ్చుచున్నది. రెండవది పిలిచినపుడు మాత్రమే వచ్చి పరీక్షించి పోవు సాధనము. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఇట్టిది. దింపుకొన్న 10 దినములకు అది చెల్లకుండ పోవును. మరల కొత్తదానిని తెచ్చుకొనవలెను. ఏలయన దినదినము కొత్త వైరసులు పుట్టుచుండగా పాత మందు చాలదు. మూడవది విండోస్ లేవకముందే పనిచేయు సాధనము. కంప్యూటరులో లోతుగా పాతుకొని, నడచుచున్న యాంటీవైరసునే మోసగించు మాల్‌వేర్‌కు ఇది తగిన మందు. నాలుగవది ఒక్క తెగులునే లక్ష్యముగా చేసికొన్న ప్రత్యేక సాధనము. తెగులు పేరు తెలిసిననే ఇది ఉపయోగపడును.

ఒకే సాధనము అన్నిటిని పట్టలేదా యని మీరడుగవచ్చును. 1987లో ఫ్రెడ్ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి గణిత శాస్త్రరీత్యా సమాధానము చెప్పెను. సంభవింపదగిన వైరసులనన్నిటిని తప్పు లేకుండ గుర్తింపగల పద్ధతి యేదియు ఉండజాలదని ఆయన నిరూపించెను. యాంటీవైరసులు తెలిసిన వైరసుల ఆనవాళ్ళను పోల్చియు, అనుమానింపదగిన నడవడిని కనిపెట్టియు పనిచేయును. కనుక ఒకటి విడిచినదానిని మఱియొకటి పట్టవచ్చును. అయినను, నిత్యము కాపలా కాయు యాంటీవైరసులను రెండింటిని ఒకే కంప్యూటరులో నిలుపరాదు. అవి ఒకదానికొకటి అడ్డు తగులును. కాపలాదారు ఒక్కడే యుండవలెను; రెండవ అభిప్రాయమునకు పిలిచినపుడు వచ్చువానిని నియమింపవలెను.

సాధనమును ఎన్నుకొనునపుడు మొదట చూడవలసినది అది ఎచటనుండి వచ్చినది అనుట. ‘మీ కంప్యూటరులో వందలకొలది వైరసు లున్నవి, వెంటనే దీనిని నొక్కుడు’ అని తెరపై బెదరించు ప్రకటనలు తఱచు మోసములు. అట్టివాని వెంటబడిన కంచెయే చేను మేసినట్లగును. తయారుచేసిన సంస్థనుండియే సాధనమును స్వీకరింపవలెను. భారత ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ ఇట్టి సాధనములను ఉచితముగా చూపుచున్నది. రెండవది దాని సామర్థ్యము. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అను సంస్థలు యాంటీవైరసులను పరీక్షించి ఫలితములను ప్రకటించుచున్నవి. ప్రకటనల మాటకంటె ఆ పరీక్షల మాట నమ్మదగినది.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. మంచి సాధనము అనుమానము కలిగిన ఫైలును వెంటనే నాశనము చేయక, ‘క్వారంటైన్’ అను చెఱలో నుంచును. పొరపాటని తేలినచో ఫైలును తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇట్టి పొరపాట్లు పెద్ద సంస్థలకు సైతము తప్పలేదు. 2010 ఏప్రిల్ 21వ తేదీన మెకాఫీ సంస్థ పంపిన సవరణ, విండోస్ ఎక్స్‌పీలోని అవసరమైన ఫైలునొకదానిని వైరసుగా భ్రమించెను. తత్ఫలితముగా అనేక కంప్యూటర్లు పనిచేయక నిలిచిపోయెను. దొంగయని తలచి ఇంటివానిని కొట్టినట్లయినది.

సాధనము చేతికి వచ్చిన పిదప దానిని వాడుటలో ఒక క్రమము కలదు. ముందు కంప్యూటరును శుద్ధిచేయవలెను. కంప్యూటరులో వైరసుండగా డ్రైవును ఎన్నిసార్లు శుద్ధిచేసినను ఫలితముండదు. తగిలించినంతనే తెగులు మరల అంటుకొనును. తరువాత యాంటీవైరసునకు తాజా సవరణలు తెప్పించి, డ్రైవును తగిలించి, ఏ ఫైలును తెఱవకుండ ఆ డ్రైవును పేరుతో ఎన్నుకొని పరీక్షింపజేయవలెను. కొన్ని సాధనములు ‘పూర్తి పరీక్ష’ యనునపుడు బాహ్య డ్రైవును విడిచిపెట్టును. కావున అది పరీక్షలో చేరినదో లేదో చూచుకొనవలెను. దొరికినవానిని చెఱలో నుంచి, మఱియొక సాధనముతో రెండవసారి పరీక్షించి, ఫొటోలను, పత్రములను వేఱొక శుద్ధమైన డ్రైవులోనికి నకలు చేసికొనవలెను.

ఇన్ని చేసినను తెగులు వదలనప్పుడే ఫార్మాట్ చేయుట. నకళ్ళు తీసికొనక ముందే ఫార్మాట్ చేయుట ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుటవంటిది. వైరసుతోపాటు, ఏ యాంటీవైరసు తిరిగి తేలేని ఫైళ్ళును పోవును.

ఇంకొక విషయము. మన డ్రైవు మన యింటిలోనే యుండదు. తెగులున్నదని తెలిసియు దానిని స్నేహితుని కంప్యూటరుకు తగిలించుట, అంటువ్యాధితో సంతకు పోవుటవంటిది. జిరాక్సు దుకాణమునకు పోవునపుడు కావలసిన పత్రమును మాత్రమే చిన్న పెన్‌డ్రైవులో తీసికొనిపోయి, జీవితకాలపు ఫొటోలున్న హార్డుడ్రైవును ఇంటియందే యుంచుట అందఱకు క్షేమము.

మంచి మందు పైరునకు పట్టిన తెగులును పోగొట్టును గాని, తెగులు తిన్న పంటను తిరిగి ఈయలేదు. విత్తనములు వేఱుగా దాచుకొన్న రైతు మరుసటి యేడు మరల సేద్యము చేయును. ప్రియమైన ఫైళ్ళకు రెండవ నకలును వేఱొక డ్రైవులో దాచి, దానిని కంప్యూటరునుండి విడదీసి యుంచినవానికి ఏ వైరసువలనను సర్వనాశనము కలుగదు. ఆ పని తెగులు రాకముందే చేయవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.