గొడుగు కాస్త దగ్గరికి జరపండి

పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియోల్లో కుర్చీకి అటొకటి ఇటొకటి ఫ్లాష్ బిగించిన గొడుగులు నిలబెడతారు. రెండూ ఒకే బలంతో వెలుగుతాయి, ముఖం మీద నీడన్నదే ఉండదు. గుర్తింపు కార్డుకైతే సరే. పోర్ట్రెయిట్‌కి మాత్రం నీడ కావాలి; ముక్కు, చెంప, గడ్డం తీరు తెలిసేది నీడ వల్లే. కాబట్టి ఒక్క గొడుగు చాలు, రెండోదాని డబ్బు మిగుల్చుకోండి.

అయితే ఆ నీడ అంచు మెత్తగా ఉండాలి. ఫ్లాష్ చిన్నది. దాని వెలుగు ఒక్కచోటు నుంచే వస్తుంది గనక నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. అదే ఫ్లాష్‌ని తెల్ల గొడుగు గుండా కొడితే గుడ్డంతా వెలిగి, వెలుగు ముఖాన్ని చాలా వైపుల నుంచి తాకుతుంది. ముఖానికి ఆ గొడుగు ఎంత పెద్దదిగా కనబడితే నీడ అంత మెత్తబడుతుంది. గొడుగు ధరతో దీనికి సంబంధం లేదు. మీటరు వెడల్పున్న గొడుగుని మీటరు దూరంలో, కళ్లకంటే కొంచెం ఎత్తున, 45 డిగ్రీల పక్కగా పెట్టి చూడండి. రెండు మీటర్లకు జరిపితే నీడ గట్టిపడుతుంది, వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫొటోలో పడుతుందేమోనని చాలామంది గొడుగుని బాగా వెనక్కి లాగేస్తారు. ఫ్రేము అంచు దాకా తెచ్చి ఆపితే సరిపోతుంది.

సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' (1956)కి ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర చేసిందీ ఇలాంటిదే. కాశీ ఇంటి వాకిలిని స్టూడియోలో సెట్ వేశారు. ఆయన పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాలను దానిమీదికి కొట్టించారు. గుడ్డ మీంచి తిరిగొచ్చిన వెలుగు ఆరుబయటి పగటి వెలుగులా అనిపించింది.

నీడ మరీ నల్లగా ఉంటే అటువైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకోమనండి. ముఖానికి దగ్గరగా తెచ్చేకొద్దీ నీడ పలచబడుతుంది. మరీ కిందినుంచి పట్టకూడదు, దెయ్యం సినిమా అవుతుంది. వెండి రంగు రిఫ్లెక్టర్ వెలుగుని మరింత గట్టిగా కొడుతుంది. ఎండలో దాన్ని ముఖం మీదికి తిప్పితే కళ్లు తెరవలేరు. బంగారు రంగుది ఒళ్లంతా పసుపు పూసినట్టు చేస్తుంది, నా మటుకు నేను దాన్ని సంచీలోంచి తియ్యను.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది: గోడల రంగు. తెల్ల గొడుగు వెలుగు గదంతా చిమ్ముతుంది. ఆకుపచ్చ గోడైతే ఆ పచ్చదనం చెంప మీదికి వస్తుంది. అప్పుడు గోడకు తెల్ల దుప్పటి వేలాడదీయండి.

ఫ్లాష్, గొడుగు రెండూ లేకపోతే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండోవైపు థర్మాకోల్ షీటు పెట్టి మొదలుపెట్టండి.