కార్యాలయమును మార్చుటకు ముందు

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరులు నెలకొల్పు పథకమును కేంద్ర ప్రభుత్వమువారు 2022వ సంవత్సరమున మంజూరు చేసిరి. తొలుత నిర్ణయించిన సంఘములు 63,000. వ్యయము 2,516 కోట్ల రూపాయలు. యంత్రము వచ్చినచో బల్ల జరుపవలెను. బల్ల జరిపినచో గది యంతయు కదలును. అంతట రంగులు, అద్దపు తలుపులు, తిరుగుడు కుర్చీలు తలపునకు వచ్చుట సహజము. సభ్యుల సొమ్ము ఆ త్రోవను పోవుటకు ముందు, అమెరికాలో ఒక కంపెనీవారికి కలిగిన యనుభవమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

షయట్-డే యనునది వర్తకుల సరకులకు ప్రకటనలు కల్పించి యిచ్చు కంపెనీ. 1968లో లాస్ ఏంజలెస్ నగరమున స్థాపింపబడి మిక్కిలి పేరు గాంచినది. 1991లో నిర్మితమైన వారి కార్యాలయమునకు ముంగిట బ్రహ్మాండమైన దుర్భిణి యాకారము నిలిపిరి. (అంత దుర్భిణి యుండియు రాబోవు చిక్కు కానరాకపోవుట వింతయే.) కంపెనీ యధిపతియగు జే షయట్ 1993లో ఒక నిర్ణయము చేసెను. ఇకమీదట నెవ్వరికిని సొంతగది లేదు, సొంతబల్ల లేదు. ప్రొద్దున వచ్చినవారు, గ్రంథాలయమున పుస్తకము తీసికొన్నట్లు, ఒక చిన్న కంప్యూటరును టెలిఫోనును అడిగి పుచ్చుకొని, చోటు దొరికినచోట కూర్చుండి, సాయంకాలము మఱల నప్పగింపవలెను. సొంత వస్తువులకు తాళము గల చిన్న అర యొకటి మాత్రము. గదుల యెక్కువతక్కువలు పోయి అందఱును కలసిమెలసి పనిచేయుదురని యాతని యాశ. ఆ యాశయమును మేము తప్పుపట్టజాలము.

అయినను 1994లో పద్ధతి యమలునకు వచ్చినతోడనే యంత్రములు చాలకపోయెను. పెందలకడ వచ్చినవారు వానిని చేజిక్కించుకొని దాచుకొనిరి. ఆలస్యముగ వచ్చినవారు రిక్తహస్తములతో తిరుగాడిరి. కాగితములు మాయము కాలేదు, అరలలో పట్టనులేదు. కొందఱు తమ కారు వెనుకపెట్టెనే బీరువాగా చేసికొనిరి. ఒక యుద్యోగిని తన కాగితములను పిల్లల యెఱ్ఱని ఆటబండిలో వేసికొని యీడ్చుకొనుచు తిరిగినదట! పై యధికారులకు తమ క్రిందివారు ఎచ్చట నున్నారో తెలియదు. 1995లో కంపెనీ యితరుల వశమైనది. అందుకు గది మార్పే కారణమని మేము చెప్పము. 1998లో మఱియొక చోటికి మారినప్పుడు మాత్రము ఎవరి బల్ల వారికి తిరిగి దక్కినది.

పసరమునకు సైతము తన కట్టుగొయ్య యేదో తెలియును. కార్యాలయ మెట్లు కనబడవలెనో ఆ యధిపతి చక్కగా నూహించెను గాని, అందు పనిచేయువారి చేతులలో ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఏమేమి మెలగునో విచారింపలేదు.

మన సంఘములలో దోషము వేఱు. ఫంకా క్రింద పెద్దబల్ల అధ్యక్షులవారిది. అప్పునకై వచ్చిన రైతు గడపకడ నిలుచును. దరఖాస్తు ఒకరికడ, పాసుపుస్తకము మఱియొకరికడ, వాటాధనము వేఱొకచోట. నాట్ల దినములలో ఇట్లు రెండుమారులు త్రిప్పినచో నీటివంతు తప్పిపోవును, పిలిచిన కూలీలు మఱియొకరి మడికి పోవుదురు. ఈ నష్టము సంఘపు లెక్కలలో నెన్నడును కనబడదు.

ఇంకొక సంగతి. పూర్వము పద్దుల పుస్తకము బల్లపై తెఱచియుండెడిది. రైతు తన పుటపై వ్రేలుంచి, "ఈ వడ్డీ యెట్లు వచ్చినదయ్యా?" యని గుమాస్తాను నిలదీయగలిగెడివాడు. ఇప్పుడు లెక్క తెరమీదికెక్కినది. తెర గుమాస్తావైపు తిరిగియున్నది. ఆ తెరను కొంత ప్రక్కకు త్రిప్పుటకు ఖర్చు లేదు. చెల్లించినవానికి అచ్చు రశీదును, అడిగినవానికి ఖాతా నకలును అప్పటికప్పుడే యియ్యవలెను. ఇది లేని కార్యాలయమున చలువరాళ్లు పఱచినను సభ్యునికి నమ్మకము కలుగదు.

కావున పంచాయతుదారులలో నొకరు, పని యెక్కువగా నుండు దినమున, గదిలో నొకమూల కూర్చుండి వచ్చినవారిని గమనింపవలెను. ఎచ్చట నిలిచిరి, ఎవరి నడిగిరి, ఎంతసేపు వేచిరి, ఏ కాగితము లేదని మరలిపోయిరి, స్త్రీసభ్యులకు కూర్చుండ బల్ల దొరకెనా, ఎరువుల రశీదు ఇచ్చట వ్రాయించుకొని గిడ్డంగికి ఎంత దూరము నడచిరి, ఇవియన్నియు వ్రాసికొనవలెను. జిరాక్సు నకలుకై పదుగురు పట్టణమునకు పోవుచున్నట్లు తేలినచో, అద్దపు తలుపునకు ముందు ఆ యంత్రము కొనవలెను. కావలసిన పత్రముల జాబితాను బయటిగోడపై పెద్దయక్షరములతో వ్రాయించుటకు ఒక రంగుడబ్బా చాలును. ఆ వ్రాసికొన్న కాగితమును సమావేశమున చదివిన పిమ్మటనే వడ్రంగిని పిలువనంపుట యుక్తము.