పిల్లవాడు చెప్పలేనిది దేహం చెబుతుంది

"చెట్టెక్కి పడ్డాడండీ" అంటూ పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకొస్తారు. పచ్చి గాయం పక్కనే మానిపోయిన పాత మచ్చలుంటాయి. డాక్టరుగారు అడిగితే వాడు నేలచూపులు చూస్తాడు. నిజం చెబితే ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో వాడికి తెలుసు. మరి ఆ నిజాన్ని ఎవరు చెప్పాలి?

ఇంటివారి చేతుల్లోనే హింసలు పడ్డ పిల్లల గురించి పారిస్‌లో అంబ్రోయిజ్ తార్దియూ అనే న్యాయవైద్యుడు 1860లోనే రాశాడు. ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. 1962లో అమెరికాలోని డెన్వర్‌లో డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు మళ్ళీ ఈ సంగతిని వివరించాకే వైద్యలోకం మేలుకొన్నది. దాచిన పాత విరుగుళ్ళను ఎక్స్‌రేలు పట్టిచ్చాయి.

అయితే ఎముక విరగని హింస మాటేమిటి? పస్తులుంచడం, చీకటి గదిలో పెట్టడం, రోజూ బెదిరించడం ఎక్స్‌రేలో కనబడవు. కాని దేహం వాటిని కూడా గుర్తుంచుకుంటుంది.

మనకు భయం వేస్తే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. కుక్క తరిమినప్పుడు పరుగెత్తడానికి అది మేలే చేస్తుంది. ఆపద తీరగానే అది తగ్గాలి. భయం నిత్యమైతే ఈ లెక్క తప్పుతుంది. కొందరు పిల్లల్లో అది హెచ్చుతుంది, ఏళ్ళ తరబడి నలిగిన మరికొందరిలో తగ్గిపోతుంది.

లాలాజల పరీక్ష ఆ పూట సంగతి చెబుతుంది. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది గనుక, కుదురు దగ్గర 3 సెంటీమీటర్లు పరీక్షిస్తే గడచిన మూడు నెలల కథ కొంత తెలుస్తుంది. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి కూడా సాక్షియే. బాధపడిన ఎలుకల్లో అది కుంచించుకుపోతుందని 1936లో హాన్స్ సెల్యే తెలిపాడు. హింసకు గురై మరణించిన పిల్లల శవపరీక్షల్లో జపాన్ న్యాయవైద్యులు అదే గమనించారు.

అయినా తొందరపడి ఎవరినీ దోషిగా ఎంచరాదు. జబ్బు, పోషకాహార లోపం, కొన్ని మందులు కూడా ఈ మార్పులు తెస్తాయి. భయపడిన సంగతి దేహం చెబుతుందే గాని, భయపెట్టింది ఎవరో చెప్పదు. అందుకే గాయాలు, ఎక్స్‌రేలు, ఇంటి పరిస్థితి, పిల్లవాడి మాట అన్నీ కలిపి చూడాలి.

మన పల్లెల్లో ఈ పరీక్షలు ఎక్కడ దొరుకుతాయి? కాని చూసే కన్నులు మనకున్నాయి. నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల మూగబోయినా, పెద్దల చెయ్యి లేస్తే ఉలిక్కిపడినా, బడి విడిచాక ఇంటికి వెళ్ళనని మారాం చేసినా, "పిల్లచేష్ట" అని కొట్టిపారేయకుందాం. పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా విందాం. అనుమానం బలపడితే 1098కి ఫోను చేద్దాం. దానికి డబ్బు పడదు. లైంగిక హింస అని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటున్నది.

శవపరీక్షలో తెలిసే నిజం ఆ బిడ్డను బ్రతికించదు. ముందే మనం గమనిస్తే బ్రతికించవచ్చు.