పట్టుచీరలో వెండి, కాలువలో విషం

పాత జరీచీరలు కొంటామని వీధిలో కేక వినబడగానే ఇల్లాళ్ళు పెట్టెలు తెరుస్తారు. ఆ చీర తరువాత ఏమవుతుందో చూద్దామని, చేనేత సంఘం 1938లోనే వెలసిన ఎమ్మిగనూరు నుంచి మా పిన్ని పెళ్ళిచీర పట్టుకుని ఆదోని వెళ్ళాను.

వెండి తీసే అతను చీరను కాల్చి, బూడిదను నత్రికామ్లంలో వేశాడు. వెండి కరిగింది. అసలు జరీ కనుక, పైపూత బంగారం కరగక అడుగున రేణువులుగా నిలిచింది. వడగట్టిన ద్రవంలో రాగిరేకు ముంచగానే వెండి బూజులా పట్టుకున్నది. చూచితీరవలసిన వింత!

మిగిలిన నీలినీటిని మురుగుకాలువలో పోయబోతుంటే ఆపాను. ఆ నీలం రాగిది. చేపలకూ, పైరుకూ చేటు. పాత ఇనుపముక్కలు వేస్తే ఆ రాగి కూడా దిగుతుంది, అమ్ముకోవచ్చు. తరువాత సున్నం కలిపి ఆమ్లం విరిస్తే, ఇంకా మిగిలిన లోహాలు మడ్డిగా అడుగున చేరుతాయి. ఆ మడ్డి మాత్రం ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే ప్రత్యేక స్థలానికి పోవలసిందే.

"ఖర్చెంత?" అన్నాను.

"దుడ్డు గాదు సామీ, పొద్దు పోతాది" అన్నాడతను, దగ్గుతూ.

ఆ దగ్గు ఊరికే రాలేదు. వెండి కరిగేటప్పుడు లేచే ఎర్రని పొగ పీలిస్తే అప్పటికి దగ్గే. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అతను మూతికి కట్టుకున్నది ఒట్టి తువ్వాలు.