గ్లాసు, కార్పెట్ స్పానిష్‌లోకి వెళితే
ఇంగ్లీషులో నీళ్లు తాగేదీ గ్లాసే, వైన్ తాగేదీ గ్లాసే. స్పానిష్‌లో అలా కుదరదు. అడుగు చదునుగా ఉండి, కాడ లేనిది ‘వాసో’. సన్నని కాడ మీద నిలిచేది ‘కోపా’. ఇక్కడ చూసేది ఆకారాన్నే తప్ప గాజును కాదు, అందుకే ప్లాస్టిక్ గ్లాసు కూడా వాసోయే. పిడి ఉన్న కాఫీ కప్పు ‘తాసా’. వాసో అనగానే పూల వాజ్ గుర్తుకొస్తుంది గానీ, దాని పేరు ‘ఫ్లోరేరో’ లేదా ‘హర్రోన్’.

అసలు చిక్కు నేల మీద పరిచే వాటితో వస్తుంది. స్పెయిన్‌లో గది మధ్యలో పరిచి, కావాలంటే చుట్టి తీసేసే రగ్గు ‘అల్ఫోంబ్రా’. ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాట. గోడ నుంచి గోడ దాకా అతికించే కార్పెట్ ‘మొకేతా’. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా ‘ఫెల్పూదో’. మెక్సికోకు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ గదంతా పరిచిన కార్పెట్‌నూ అల్ఫోంబ్రా అంటారు, చిన్న రగ్గు ‘తపేతే’ అవుతుంది. స్పెయిన్‌లో తపేతే అంటే బల్ల మీద వేసే గుడ్డ! కార్పెట్‌లా వినిపించే ‘కార్పేతా’ మాత్రం కాగితాలు పెట్టుకునే ఫైలు.

అందుకే అనువాదకులు నిఘంటువు తెరిచే ముందు వస్తువు బొమ్మ చూడాలి, చదివేవారిది ఏ దేశమో అడిగి తెలుసుకోవాలి.