పడేసేది వణుకు కాదు

ఒక చిన్న ప్రయోగం చేయండి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి. పెద్ద కష్టమనిపించదు. ఇప్పుడు అలాగే నిలబడి, నూరులోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి మళ్ళీ ఏడు చొప్పున తీసివేస్తూ పైకి చెప్పండి. చాలామందికి ఒళ్ళు ఊగడం మొదలవుతుంది. నిలబడడం కూడా మెదడు చేసే పనేనని అప్పుడు తెలుస్తుంది.

కళ్ళు, లోపలి చెవి, కండరాలు, కీళ్ళు పంపే సమాచారాన్నిబట్టి మెదడు మన శరీరాన్ని క్షణక్షణం సరిదిద్దుతూ ఉంటుంది. కాలికి రాయి తగిలితే మనం ఆలోచించేలోగానే రెండో కాలు ముందుకు పడి నిలబెడుతుంది. ఇలా అలవాటైన పనులు ఆలోచనతో నిమిత్తం లేకుండా సాగడంలో, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే నాడీకణ సముదాయాలకు ముఖ్యపాత్ర ఉంది. అవి దెబ్బతింటే శరీరం మన ఇచ్ఛతో పనిలేకుండా కదిలే జబ్బులు రావచ్చు.

వణుకు వేరు, పడడం వేరు

వీటిలో బాగా తెలిసినది పార్కిన్సన్ వ్యాధి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఆరుగురు రోగులను వర్ణిస్తూ దీన్ని ‘వణికే పక్షవాతం’ అన్నాడు. డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్షీణించడం ఇందులో ప్రధానమైన లోపం. ఈ రోగుల్లో సగం మందికి పైగా ఏడాదిలో ఒక్కసారైనా పడిపోతారు. తుంటి ఎముక విరిగితే మంచాన పడే ప్రమాదం ఉంది.

వణుకు వల్లే పడతారని అనుకుంటాం. కాని ఈ వణుకు చేయి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ. పని చేయబోతే తగ్గుతుంది. పడేసే కారణాలు వేరు. అడుగులు చిన్నవవుతాయి. ఒళ్ళు ముందుకు వంగుతుంది. తూలినప్పుడు ఆదుకోవలసిన అడుగు ఆలస్యంగా పడుతుంది. గడప దగ్గరో, మలుపులోనో పాదాలు హఠాత్తుగా నేలకు అతుక్కుపోతాయి, పైశరీరం మాత్రం ముందుకు సాగుతుంది. కొందరికి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

లెవోడోపా మందు కదలికలను బాగా మెరుగుపరుస్తుంది. సమతూకాన్ని మాత్రం అంతగా చక్కదిద్దలేదు. జన్యులోపం వల్ల వచ్చే హంటింగ్టన్ వ్యాధిలోనూ అంతే. కాళ్ళూ చేతులూ నాట్యం చేస్తున్నట్లు కదలడమొక్కటే కాదు, సమతూకం, ఏకాగ్రత తగ్గడం కూడా పడడానికి కారణాలే.

ఒకసారికి ఒకే పని

అలవాటు చేయవలసిన పనిని పార్కిన్సన్ రోగి శ్రద్ధతో చేయవలసివస్తుంది. ఆ శ్రద్ధ మరోవైపు మళ్ళితే ప్రమాదమే. 1997లో స్వీడన్ పరిశోధకులు ఒక ఆశ్రమంలోని 58 మంది వృద్ధులను పరిశీలించారు. నడుస్తూండగా మాట కలిపితే 12 మంది నడక ఆపేశారు. వారిలో 10 మంది ఆరు నెలల్లో పడిపోయారు.

ఇందులోనే ఉపాయం కూడా ఉంది. అలవాటు దారి మూసుకుపోయినా ఆలోచన దారి తెరిచే ఉంటుంది. నేలమీద అడుగడుక్కీ అడ్డగీతలు గీస్తే, ఆగిపోయిన పాదం గీతను దాటడానికి లేస్తుంది! ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టినా చాలామందికి మేలు చేస్తుంది.

ఇంట్లోవాళ్ళు ఏం చేయవచ్చు?

* నడుస్తున్నవారితో మాట్లాడకండి. రెండు చేతులకూ బరువులివ్వకండి.
* కాళ్ళు ఆగిపోతే చేయిపట్టి లాగకండి. ఆగి, నిలదొక్కుకుని, లెక్కపెట్టి పెద్ద అడుగు వేయమనండి.
* నిలబడినచోటే గిర్రున తిరగకుండా, అర్ధచంద్రాకారంలో అడుగులు వేస్తూ తిరగమనండి.
* మంచం దిగేముందు కాసేపు కూర్చోవాలి.
* స్నానాల గది ఆరుగా ఉండాలి. గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రివేళ చిన్న దీపం కావాలి. మడతపడే చాపలు, జారే చెప్పులు, నేల రాసే పంచె అంచులు, చీర కుచ్చిళ్ళు ప్రమాదకరం.

పడతారన్న భయంతో కూర్చోబెట్టేస్తే కండరాలు బలహీనపడి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. 2012లో అమెరికాలో 195 మంది పార్కిన్సన్ రోగులపై జరిగిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ అనే చైనా వ్యాయామం చేసినవారు, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారికంటే తక్కువసార్లు పడ్డారు. ఏ వ్యాయామం తగినదో వైద్యుణ్ణి అడగాలి. ఒక్కసారి పడినా ఆ సంగతి ఆయనకు చెప్పాలి. ‘వయసు మీదపడింది, తూలడం మామూలే’ అని ఊరుకుంటే, ఆపగలిగిన ప్రమాదాన్ని మనమే రానిచ్చినట్లవుతుంది.